చలికాలం మబ్బుల్నే హైబ్రిడ్ కార్ తీసేటోళ్లకు: ఇంజన్ గరం చేసుడు, అద్దం సాఫ్ చేసుడు

పోయిన డిసెంబర్ల మా బామ్మర్ది మబ్బుల ఐదింటికి ఫోన్ చేసిండు, కాజీపేట స్టేషన్ల వాళ్ల అత్తమ్మని దింపాలె, కొత్తగ కొన్న టయోటా హైరైడర్ (పెట్రోల్ ఇంజన్, బ్యాటరీ మోటార్ రెండున్న హైబ్రిడ్ కార్) మొదటి చలికాలం అది. "బావా, బటన్ ఒత్తిన, రెడీ అని పడ్డది, సప్పుడు లేదు, ఇంతలనే ఇంజన్ దానంతటదే గుర్రుమని లేసింది, నా కాలు బ్రేక్ మీదనే ఉంది, ఖరాబైందా ఏంది?" అని పరేషాన్ అయితుండు. ఖరాబేం కాలేదురా, బండికి కూడ సలి పెడ్తుంది అని చెప్పిన. ఆయన ఒక్కడే కాదు, హైబ్రిడ్ కొన్నోళ్లు చాలమంది చలికాలం రాంగనే ఇదే అడుగుతుండ్రు, అందుకే ఒక్కదగ్గర రాస్తున్న.

ముందుగాల ఒక మాట. హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ లాంటివి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు, బ్యాటరీ మీదనే కొంతదూరం పోతయి. (హైరైడర్, విటారాలల్ల మైల్డ్ మోడల్ కూడ ఉంది, అది బ్యాటరీ ఒక్కదాని మీద నడవది, మీది ఏదో చూస్కోండి.) ఎర్టిగాలాంటి వాటి మీద స్మార్ట్ హైబ్రిడ్ అని ఉంటది గని అది మైల్డ్, మామూలు పెట్రోల్ బండిలెక్కనే స్టార్ట్ అయితది. ఇంజన్ దానంతటదే లేసే ముచ్చట స్ట్రాంగ్ వాటికి, అద్దం ముచ్చట మాత్రం అన్నిటికి.

ఇంజన్ ఎందుకు లేస్తదంటే, సైలెన్సర్ లైన్ల కెటలిటిక్ కన్వర్టర్ అని ఉంటది, పొగల విషాన్ని తగ్గించేది అదే, అది పనిచెయ్యాలంటే 250, 300 డిగ్రీలన్న వేడెక్కాలె. కూలెంట్ (ఇంజన్ల తిరిగే నీళ్లు) చల్లగుంటే, ఆయిల్ చిక్కగుంటే ఇంజన్ కూడ మంచిగ నడ్వది. అందుకే కంప్యూటర్ చూస్తది, చల్లగుంది అనుకుంటే బ్యాటరీ నిండుగున్నా సరే ఇంజన్‌ని లేపుతది. అప్పుడు ఈవీ బటన్ (బ్యాటరీ మీదనే నడిపేది) ఒత్తినా కుదరదంటది, దాంతోని కొట్లాట పెట్టుకోకుండ్రి. టయోటా పద్ధతిల మొదటి నిమిషం దగ్గరదగ్గర ఇంజన్ తనను తాను గరం చేసుకునుడికే నడుస్తది, చక్రాలని ఎక్కువ బ్యాటరీనే తిప్పుతది. ఆ నిమిషంల దబ్బున యాక్సిలరేటర్ తొక్కితే చల్లటి ఇంజన్ మీదనే బరువంత పడ్తది, కాబట్టి గల్లీ దాటేదాంక నిమ్మళంగ పోవాలె, అంతే.

మా నాయన అంబాసిడర్ కాలంనాడు చోక్ లాగి పది నిమిషాలు గేటు ముందల గుర్రుమనిపిచ్చేటోడు, చుట్టుపక్కలోళ్లందరు లేసేటోళ్లు. ఆ అలవాటు హైబ్రిడ్‌ల వద్దు. నిలబెట్టి గరం చేస్తే మస్తు టైం పడ్తది, పెట్రోల్ కాల్తది, కిలోమీటర్ మాత్రం ఒక్కటి పెరగది. నడుస్తుంటేనే జల్దీ వేడెక్కుతది. రెడీ లైట్ పడ్డంక బెల్ట్ పెట్టుకునుడు, అద్దాలు సరిచేసుకునుడు, ఆ అర నిమిషం, నిమిషం చాలు.

ఇగ హీటర్. కార్ల హీటర్ వేడి వచ్చేది ఇంజన్ కూలెంట్ నుంచే (కొన్నిట్ల కరెంట్ హీటర్ కూడ తోడుంటది). అంటే బటన్ ఒత్తంగనే హీటర్ ఫుల్ పెడ్తే ఏమైతది? ఇంజన్ చల్లగుంది కాబట్టి మీకు చల్లగాలే కొడ్తది, పైకెల్లి ఆ హీటర్ కోసమే ఇంజన్ బంద్ గాకుండ నడుస్తనే ఉంటది. బామ్మర్ది చేసేది గదే. హన్మకొండ నుంచి కాజీపేట ఐదారు కిలోమీటర్లు, ఇంజన్ గరమయ్యేలోపే స్టేషన్ వచ్చేస్తది, దారి పొడుగున ఇంజన్ మీదనే నడిచి వాపస్ వచ్చి "27.97 మైలేజ్ అన్నరు గదా, ఏది?" అంటడు. ఆ లెక్క టెస్ట్‌ల వచ్చింది తమ్మీ, చలికాలం చిన్నచిన్న ట్రిప్పులకు అది రాదు. రెండు మూడు దగ్గర్ల పని ఉంటే ఒక్క చుట్టుల తిరిగిరా, మొదటిదాంట్లనే గరమైతది, మిగిలినయి మంచిగొస్తయి. సలి మరీ ఎక్కువుంటే రెండు మూడు కిలోమీటర్లు పోయినంక హీటర్ వెయ్యి, అప్పటిదాంక స్వెట్టర్ ఉంది గదా.

కాని అద్దానికి ఆవిరి పడ్తే మాత్రం మైలేజ్ సంగతి పక్కన పెట్టాలె. గిక్కడ నేను జర గట్టిగ చెప్త, ఎందుకంటే నేనే తప్పుచేసిన. నాగోబా జాతరకు కెస్లాపూర్ పొయ్యేటప్పుడు నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్‌ల, బండ్ల ఐదుగురం, బయట సలి, నేనేమో సలిగాలి లోపలికొస్తదని రీసర్క్యులేషన్ (బండ్ల గాలినే మళ్లమళ్ల తిప్పే బటన్) పెట్టిన. పది నిమిషాలల్ల ముందటి అద్దం పాలగ్లాసు లెక్క తెల్లగైంది, మలుపు కానొస్తలేదు. అరచేత్తోని తుడిచిన, ఇంక ఆగమాగమైంది, ఎదురుంగ లారీ లైట్ పడంగనే అద్దమంత మెరిసిపోయింది. పక్కకు తీసి ఆపిన.

అది లోపటి తేమ. ఐదుగురి ఊపిరి, తడి చెప్పులు, ఆ ఆవిరంత బండ్లనే తిరుగుతది, సలికి చల్లబడ్డ అద్దానికి తాకంగనే నీళ్లయితది. ముందటి అద్దం గుర్తు, దాంట్ల పైకి పొయ్యే వంకర గీతలు ఉంటయి చూడుండ్రి, ఆ బటన్ ఒత్తాలె. అది ఒత్తితే చాలా బండ్లల్ల గాలి అద్దం మీదికి మళ్లుతది, బయటి గాలి లోపలికొస్తది, ఏసీ కూడ ఆన్ అయితది. చలికాలం ఏసీ ఏంది అంటరు, ఏసీ గాలిల తేమని గుంజి పారేస్తది, అందుకు. టెంపరేచర్ నాబ్ మాత్రం వేడి దిక్కుకు తిప్పాలె, ఏసీ తేమ తీస్తది, వేడి అద్దాన్ని గరం చేస్తది, రెండు కలిస్తే రెండు మూడు నిమిషాలల్ల సాఫ్. ఇంజన్ ఇంక చల్లగుంటే వేడి రాకున్నా తేమ తీసుడు ఆగది, ఎందుకంటే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లల్ల ఏసీ కంప్రెసర్ కరెంట్ మీద నడుస్తది, బెల్ట్ మీద కాదు, ఇంజన్ బందున్నా ఏసీ పనిచేస్తది. జల్దీ కావాలంటే రెండు పక్కల అద్దాలు ఒక వేలెడంత దించుండ్రి. వెనక అద్దానికి గీతలుంటయి, దానికి వేరే బటన్, కాసేపటికి దానంతటదే బంద్ అయితది. ఆ గీతలని లోపలికెల్లి గట్టిగ గీకకుండ్రి, తెగితే ఆ గీత పనిచెయ్యది.

అద్దం బయట తడి వేరే. అది మంచు, వైపర్ రెండుసార్లు తిప్పితే పోతది. లోపల తుడిచినా పోకుంటే బయటిది, వైపర్ వేసినా పోకుంటే లోపటిది, గింతే పరీక్ష. వానకాలంల ఏసీ బాగ చల్లగ పెడ్తే అద్దం బయటికెల్లి ఆవిరి పడ్తది, అప్పుడు ఏసీ చల్లదనం తగ్గించాలె, ఇది దాంతోని కలిపి గందరగోళం కావద్దు.

ఇంటికాడ చెయ్యాల్సినయి ఉన్నయి. బండి ఆకాశం కింద పెడ్తే మంచు ఎక్కువ పడ్తది, రేకుల షెడ్డు కిందనో చెట్టు కిందనో తక్కువ (చెట్టు కింద పిట్టల పని వేరే, అది మీ ఇష్టం). షెడ్డు లేకుంటే రాత్రి పాత దుప్పటి ముందటి అద్దం మీద కప్పి కొసలు తలుపులల్ల ఇరికియ్యుండ్రి, పొద్దుగాల గుంజి దులిపితే అయిపాయె. ముందటి అద్దం తూర్పుకు ఉండేటట్టు నిలబెడ్తే సూర్యుడే ఆరబెడ్తడు. మ్యాట్‌లు కడిగితే మంచిగ ఆరినంకనే వెయ్యుండ్రి, ఆ తడే మర్నాడు అద్దం మీద కూసుంటది. ఏసీ ఫిల్టర్, చాలా బండ్లల్ల గ్లవ్‌బాక్స్ వెనక ఉంటది, ఒకసారి తీసి చూడుండ్రి. నేను ఎనుమాముల మార్కెట్ దిక్కు రోజూ పోత, పత్తి సీజన్ల తీసి చూస్తే ఎండుటాకులు, దూది పీచు, దుమ్ము కలిసి దిండులెక్కైంది, గాలి ఎట్లొస్తది మరి? అద్దం లోపటి దిక్కు నెలకోసారి సబ్బునీళ్లతోని తుడిచి, పొడి మెత్తటి బట్టతోని మల్లొక్కసారి తుడవాలె. జిడ్డు అద్దానికి ఆవిరి ఎక్కువ పట్టుకుంటది, చెయ్యి పెట్టద్దన్నది అందుకే.

వేడినీళ్లు మాత్రం పొయ్యకుండ్రి. మన దగ్గర సిర్పూర్ యు దిక్కు, ఆదిలాబాద్ దిక్కు కొన్నిరోజులు ఐదారు డిగ్రీలకు పడ్తది, గీజర్ల నుంచి బకెట్ పట్టుకొచ్చి పోసేటోళ్లని చూసిన. అద్దం మీద చిన్న రాయి తగిలిన మచ్చ ఉన్నా సరే, ఆ వేడికి చీలిక పొడుగు పోతది. మన ఊరోళ్ల పిల్లలు కెనడాల ఉన్నరు గదా, అక్కడ అద్దం మీద గడ్డనే కడ్తది, ప్లాస్టిక్ స్క్రేపర్‌తోని గీకుతరు, గడ్డ మీద వైపర్ తిప్పితే రబ్బర్ చిరుగుతది, అక్కడ ఇంజన్‌కి ముందే కరెంట్ తగిలిచ్చి గరం చేసే బ్లాక్ హీటర్లు కూడ ఉంటయి. అమెరికాల 2004 నుంచి అమ్మిన ప్రియస్ అనే టయోటా హైబ్రిడ్ కార్ల కూలెంట్‌ని థర్మాస్ డబ్బాల పెట్టి మూడురోజుల దాంక వేడిగ దాచేది. మనకు గంత అవసరం లేదు, దుప్పటి చాలు.

షట్టర్ సంగతి సీరియస్. మన కొత్త ఇండ్లల్ల కిందంత పార్కింగ్, షట్టర్ ఉంటది. హైబ్రిడ్‌ల సప్పుడు రాదు కాబట్టి బంద్ చేసినమనుకుంటరు, రెడీ లైట్ వెలుగుతనే ఉంటది, కాసేపటికి ఇంజన్ దానంతటదే లేస్తది. మూసిన షట్టర్ల కార్బన్ మోనాక్సైడ్ నిండుతది, అది వాసన రాదు, కుంపటి పెట్టుకొని తలుపు మూసుకుంటే ఎంత ప్రమాదమో గిదీ అంతే. గరం చేసుడు వద్దన్న గదా, చెయ్యాల్సే వస్తే షట్టర్ తెరిచి, బండిని బయటికి గుంజినంకనే. దిగేటప్పుడు బటన్ ఒత్తి, లైట్లన్ని ఆరినయా లేదా చూసి దిగుండ్రి, తాళం జేబుల పడ్డది కదా అని నమ్మద్దు.

ఇంకొకటి, పెద్ద బ్యాటరీ ఎంతున్నా రెడీ లైట్ పడాలంటే చిన్న 12 వోల్ట్ బ్యాటరీనే కావాలె, సలికి అది ఇంక మెత్తబడ్తది. సంక్రాంతికి ఊరికి పోయి పది పదిహేను రోజులు బండి ముట్టకుంటే వచ్చినంక రెడీ పడకపోవచ్చు. పక్కింటోళ్లకు చెప్పి వారానికోసారి అరగంట నడిపియ్యుండ్రి, నడిపేటోళ్లు లేకుంటే ఆరుబయట నిలబెట్టి రెడీల ఉంచినా ఛార్జ్ అయితది, ఆ అరగంట మాత్రం ఎవరన్న బండి కాడనే కూసోవాలె. బామ్మర్ది పోయినసారి ఇది మర్చిపోయిండు, మల్ల మబ్బుల ఐదింటికే ఫోన్ చేసిండు.