వీల్‌చైర్ పెట్టించినా విమానం దగ్గర ఆగిపోతున్నారా?

సమస్య: "మీ పేరు మీద వీల్‌చైర్ రిక్వెస్టే లేదు" అంటున్నారు.

ముందు టికెట్ మీద 'ఆపరేటెడ్ బై' లైను చూడండి. హైదరాబాద్ నుంచి అమెరికా టికెట్లో రెండో విమానం చాలాసార్లు వేరే ఎయిర్‌లైన్‌ది. టికెట్ అమ్మినవాళ్ల దగ్గర నమోదైన రిక్వెస్ట్ విమానం నడిపేవాళ్లకు చేరకపోవచ్చు. నడిపే ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) అడిగి తీసుకుని, వాళ్లకే ఫోన్ చేసి, ఒక్కో విమానానికీ కన్ఫర్మ్ అయిందా అని విడిగా అడగాలి. ఏజెంటు "పెట్టేశాను సార్" అన్నంత మాత్రాన పనైపోదు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం కనీసం 48 గంటల ముందు చెప్పాలి. విమానం టైము మారితే మళ్లీ అడగాలి. ఈ ఒక్క ఫోనుకు బద్ధకించి కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లే ఎక్కువ.

సమస్య: వీల్‌చైర్ వచ్చింది, కానీ మెట్ల దగ్గరో విమానం తలుపు దగ్గరో వదిలేశారు.

అసలు తిప్పలు ఇక్కడే. వీల్‌చైర్ కోడ్లు ప్రధానంగా మూడు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు, సీటు దాకా నడవగలరు, ఎయిర్‌పోర్టులో దూరం నడవలేరంతే. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లెక్కలేరు, లోపల నడవగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే అసలు నడవలేరు, సీటు దాకా తీసుకెళ్లాలి. ఊరికే "వీల్‌చైర్ కావాలి" అంటే చాలాసార్లు మొదటిదే పడుతుంది.

వెళ్లేటప్పుడు ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానం తలుపు దాకా ఉండే దారి) ఉంటే మొదటి రెండిటికీ తేడా కనబడదు, అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో విమానం దూరంగా ఆగి, బస్సెక్కించి మెట్ల దగ్గర దింపితే అప్పుడు బయటపడుతుంది. వీల్‌చైర్‌ను విమానం తలుపు ఎత్తుకు లేపే వాహనం, అంబులిఫ్ట్‌ను, ఎస్, సీ కోడ్లను చూసి పంపుతారు. సీట్ల మధ్య పట్టే సన్నని ఐల్ చైర్ సీ ఉంటేనే తెస్తారు. అప్పటికప్పుడు అడిగితే వచ్చేసరికి బోర్డింగ్ అయిపోతుంది.

ఫోన్లో మొహమాటానికి "నాన్నగారు కొంచెం నడుస్తారండీ" అనకండి. "రెండు మెట్లు కూడా ఎక్కలేరు, సీట్లోకి ఎత్తి కూర్చోబెట్టాలి" అని ఉన్నదున్నట్టు చెప్పి, ఏ కోడ్ పెట్టారో చదివి వినిపించమనండి. రానూ పోనూ అన్ని విమానాలకూ అదే ఉండాలి. సీ కోడ్‌కు తోడు మనిషి ఉండాలంటారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. దూర ప్రయాణమైతే లోపల వాడే ఆన్‌బోర్డ్ చైర్ గురించీ అడగండి. సిబ్బంది టాయిలెట్ తలుపు దాకా తీసుకెళ్తారు, లోపల సాయం చేయరు.

సమస్య: సొంత పవర్ వీల్‌చైర్‌ను చెక్-ఇన్‌లో ఆపేశారు.

బ్యాటరీ వివరాలు ముందే ఇచ్చి అనుమతి తీసుకోకపోవడమే కారణం. లేబుల్ మీది వోల్టులను ఏహెచ్‌తో (ఆంపియర్-అవర్లు) గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 24 వోల్టులు, 10 ఏహెచ్ అయితే 240. విప్పి క్యాబిన్లోకి తెచ్చుకోవాల్సిన లిథియం బ్యాటరీ 300 దాటకూడదు, కాబట్టి 24 వోల్టుల 20 ఏహెచ్‌ది రాదు. విప్పిన బ్యాటరీ టెర్మినళ్లకు టేపు వేయండి. లేబుల్ ఫోటో ఎయిర్‌లైన్‌కు ముందే పంపండి. జాయ్‌స్టిక్ ఊడివచ్చేదైతే, కుషన్‌తో పాటు చేతి సామానులో పెట్టుకోండి.

మెడికల్ ఫారం లేదని ఆపడం అరుదు. ఆక్సిజన్, స్ట్రెచర్, ఈమధ్యే సర్జరీ లాంటివి ఉంటేనే దాని సంగతి చూడండి.