కొలిపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి: విశాఖలో మొదటిసారి స్థలం కొనేవాళ్లకి

ఆనందపురం దాటాక రోడ్డు పక్కన రెండు వందల గజాలు కొనుక్కున్న మా కొలీగ్ బావమరిది పోయిన నెల ప్రహరీకి పునాది తవ్వించాడు. మధ్యాహ్నానికల్లా ఇంకొకాయన కాగితాలు పట్టుకుని వచ్చి పని ఆపించాడు. ఇద్దరివీ రిజిస్టరైన దస్తావేజులే, రెండూ అసలువే. సర్వేయర్ వచ్చి చూస్తే మనవాడి సర్వే నంబరు అక్కడ లేనే లేదు, వెనక గెడ్డ (వాగు) అవతల ఉంది. చూపించింది ఒక భూమి, రాసిచ్చింది ఇంకో భూమి. దస్తావేజులో ఒక్క ముక్క అబద్ధం లేదు కాబట్టి ఇప్పుడు అమ్మినవాడిని పట్టుకోవడం కూడా కష్టమే.

2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పటి నుంచి, అటు భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి, ఆదివారం వస్తే చాలు బ్రోకర్ల కార్లు తగరపువలస వైపు బారులు తీరుతున్నాయి. ఆషాఢం వెళ్లగానే ముహూర్తాల హడావుడి మొదలవుతుంది. ఒరిజినల్స్ చూడండి, లాయర్‌ని అడగండి అని మీకు అందరూ చెప్తారు, అవి వదిలేస్తున్నాను.

నేల మీద

జనం కొంప ముంచుతున్న తప్పు ఒకటే: కాగితాలన్నీ చూసి, ఆ కాగితాల్లో ఉన్నది ఈ నేలేనా అని చూడకపోవడం. సబ్ రిజిస్ట్రార్ మీ స్థలం దగ్గరికి రాడు. ఆయన రిజిస్టర్ చేసేది దస్తావేజుని. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కొలిచి ఇచ్చిందని కాదు. సున్నం కొట్టిన హద్దురాళ్లు నిన్న రాత్రి పాతినవి కూడా అయి ఉండొచ్చు.

అందుకే కొలిపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మీభూమి సైట్‌లో ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (కొలతలతో ఉండే సర్వే పటం) తీసుకోండి. అమ్మేవాడి చేతే సచివాలయంలో ఎఫ్-లైన్‌కి, అంటే ప్రభుత్వ సర్వేయర్ వచ్చి హద్దులు కొలవడానికి, దరఖాస్తు పెట్టించండి, ఫీజు మీరు కట్టినా ఫర్వాలేదు. ప్రైవేటు సర్వేయర్ ఒక్కరోజులో కొలిచేస్తాడు కదా అనొద్దు. ఎఫ్-లైన్ పెడితే చుట్టుపక్కల భూముల వాళ్లకి నోటీసులు వెళ్తాయి. గొడవ ఉంటే ఆ రోజే, మీ డబ్బు మీ దగ్గర ఉండగానే బయటపడుతుంది. "అవన్నీ ఎందుకండీ, రాళ్లు ఉన్నాయి కదా" అన్నాడా, ఇక అక్కడి నుంచి వచ్చేయండి.

రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులో ఉన్న నంబరుకి ఇప్పుడు ఏ ఎల్‌పీ నంబరో, విస్తీర్ణం అంతే ఉందో తగ్గిందో రాతపూర్వకంగా అడగండి.

ఇంకో లెక్క ఉంది, చాలామంది చెయ్యరు. ఆ సర్వే నంబరు మీద ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, ఇప్పటిదాకా అమ్ముడైన గజాలన్నీ కాగితం మీద కూడండి. ఎకరం అంటే 4,840 గజాలు. రెవెన్యూ రికార్డులో ఎకరమే ఉండి, అమ్మినవి కూడితే ఐదు వేలు దాటితే, ఎవరో ఒకరికి నేల లేదు. ఆఖర్న కొన్నవాడు మీరే అవుతారు. రోడ్లకీ పార్కుకీ పోయేది తీసేస్తే అసలు అంత కూడా రాకూడదు.

లేఅవుట్ అయితే రంగుల బ్రోచర్ పక్కన పెట్టి, వీఎంఆర్‌డీఏ (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) ముద్ర ఉన్న ప్లాన్ తెప్పించుకోండి. బ్రోచర్‌లో 42వ ప్లాట్ అని చూపించింది ప్లాన్‌లో పార్కు అయి ఉండొచ్చు. రోడ్లు, కాలువలు పూర్తిచేస్తాడన్న హామీగా డెవలపర్ కొన్ని ప్లాట్లు ఆ సంస్థకే తనఖా పెడతాడు. మీది వాటిలో ఉందేమో చూడండి. "పంచాయతీ అప్రూవల్ ఉంది" అంటే అప్రూవల్ లేనట్టే.

కాగితాల మీద

22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టర్ చేయకూడని భూముల జాబితాలో, ఆ నంబరు ఉందేమో ముందు చూడండి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి అని వినపడితే రెండింతలు జాగ్రత్త. ఈ ఐదు ఊళ్ల భూములు ఎవరివన్న సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య దశాబ్దాలుగా నడుస్తోంది, చవక అని వెళ్లొద్దు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) జోలికి వెళ్లొద్దు. మాజీ సైనికులకి ఇచ్చిన భూమి అంటే కలెక్టర్ ఇచ్చిన ఎన్ఓసీ (అమ్మడానికి అభ్యంతరం లేదన్న పత్రం) చూపిస్తారు. విశాఖలో ఆ ఎన్ఓసీల మీద కూడా సిట్ విచారణలు జరిగాయి, కాబట్టి ఆ కాగితం నంబరు పట్టుకుని కలెక్టరేట్‌లో ఆరా తీయండి.

కంప్యూటర్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది విడిగా తీయించాలి. ఈసీలో వీలునామా కనపడదు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు కనపడదు, కోర్టు కేసు కనపడకపోవచ్చు. "ఈసీ నిల్" అనగానే సంబరపడే వాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

పూర్వార్జితం అయితే అన్నదమ్ములే కాదు, అక్కచెల్లెళ్ల సంతకాలూ కావాలి. 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. "మా చెల్లెలు అడగదండీ" అన్నవాడినే ఆ చెల్లెలి సంతకం తెమ్మనండి.

ఇక వరసపెట్టి చెప్తాను.

- కొలిపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది" అంటే ఆ పార్టీకే ఇచ్చేయమనండి.
- జీపీఏ (యజమాని తన తరఫున అమ్మమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతుంటే, ఇచ్చినాయన బతికి ఉన్నాడా? ఫోన్‌లో కాదు, ఎదురుగా చూడండి. మనిషి పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే. అమ్మకం దస్తావేజు లేకుండా జీపీఏ ఒక్కటీ పట్టుకుంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.
- భూమికి 20,000 గానీ, అంతకు మించి గానీ నగదుగా ఇవ్వొద్దు. బ్యాంకు నుంచే పంపండి.
- ధర 50 లక్షలు ఉన్నా, దాటినా అమ్మినవాడికి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది మీరే. మర్చిపోతే నోటీసు మీకొస్తుంది.
- ఫ్లాట్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి తీసుకునే హక్కు బిల్డర్‌కి లేదు. ప్రీ-లాంచ్ వద్దు.
- ఫ్లాట్‌లో మీ వాటా భూమి ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి. మాటల్లో కాదు.
- స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం దాకా పోతుంది. ఆ డబ్బు పక్కన పెట్టకుండా బేరం ఆడకండి.
- "రెండేళ్లలో డబుల్" అంటే నోట్ రాసివ్వమనండి.
- చుట్టం మధ్యవర్తి అయితే మొహమాటం రెండింతలు, నష్టం మూడింతలు. చుట్టమైనా సరే, కొలిపించకుండా ఇవ్వకండి.
- దస్తావేజు షెడ్యూలులో నాలుగు హద్దులూ సైటు మీద నిలబడి గట్టిగా చదవండి. పడమర "30 అడుగుల రోడ్డు" అని రాసి అక్కడ ముళ్ల కంప ఉంటే సంతకం పెట్టొద్దు.
- వానాకాలంలో ఒకసారి వెళ్లండి. గెడ్డ ఎంత దూరం పొంగుతుందో బ్రోకర్ చెప్పడు, నీళ్లు చెప్తాయి.
- రిజిస్ట్రేషన్ అయిన వారంలో ఫెన్సింగ్ వేయండి. మ్యుటేషన్, ఖాళీ స్థలం పన్ను మీ పేరు మీదకి మార్పించండి.
- ఊళ్లో లేకపోతే రెండు మూడు నెలలకోసారి ఎవరినైనా పంపి ఫొటో తీయించండి. ఫొటోలో పక్క ప్లాట్ హద్దురాయి కూడా పడాలి.