పసిపిల్లల వాంతులు: ఏ ఇన్ఫెక్షన్‌ వల్లో ఎలా కనిపెట్టాలి?

బిడ్డ రెండుసార్లు కక్కగానే పళ్లొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో మా నెల్లూరు, ఒంగోలు వైపు అనేస్తారు. పళ్లొస్తే వాంతులు రావు. డాక్టరు దగ్గరికెళ్తే పని త్వరగా తేలేది మీరు గమనించి చెప్పే నాలుగు విషయాలతోనే.

ముందు ఇవి చూడండి. ఆకుపచ్చ వాంతి, వాంతిలో రక్తం, మగత, ఫిట్స్, మాడు ఉబ్బడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. రెండు నెలల్లోపు బిడ్డకు ఇవేవీ లేకపోయినా ఆలస్యం చేయొద్దు. ఆకుపచ్చ వాంతి పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాల్సిన గుర్తు, దానికి ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు.

టైము రాయండి. మొదటి వాంతి ఎన్నింటికి? అంతకుముందు రెండు రోజుల్లో ఏం తిన్నారు? ఇంట్లో ఇంకెవరికుంది? తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు మొదలై, అదే తిన్న మిగతావాళ్లూ కక్కుతుంటే ఆహారంలోని విషమని అనుకోవచ్చు. నిన్నటి చేపల పులుసును తిడతారుగానీ, చింతపండు పులుపున్న పులుసు కంటే పొద్దున వండి బయటే వదిలేసిన అన్నాన్ని ఎక్కువ అనుమానించాలి. అందులో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ముందు వాంతులు, జ్వరం, ఆ తర్వాత నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, బిడ్డకు ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపుంటే, మొదటి అనుమానం రోటావైరస్. టీకా కార్డు చూడండి. మన రాష్ట్రంలో 2016 నుంచి 6, 10, 14 వారాలకు చుక్కలు వేస్తున్నారు. వేయించినా రావచ్చు, కాకపోతే తీవ్రత తగ్గుతుంది. పెద్దవాళ్లకూ ఒకటి రెండు రోజుల్లో అంటుకుంటే నోరోవైరస్ కావచ్చు. రెండింటికీ వైద్యం ఒకటే కాబట్టి మలపరీక్షకు డబ్బు దండగ. విరేచనంలో రక్తం, బంక ఉంటేనే కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) పనికొస్తుంది. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే కలరా అనుమానం. పీహెచ్‌సీకి వెంటనే చెప్పాలి.

జ్వరం, వాంతులు ఉండి విరేచనాలు లేకపోతే పొరపాట్లు జరిగేది ఇక్కడే. కడుపును వదిలి మిగతా ఒళ్లంతా చూడాలి. చెవి పట్టుకుని ఏడుస్తున్నాడా? దగ్గి దగ్గి కక్కుతున్నాడా? ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టండి: రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఆపైన 40 దాటితే న్యుమోనియా అనుమానం. జ్వరం మూడో రోజు నుంచి వాంతులు ఆగకపోతే డెంగీ పరీక్ష. మెడ బిగిస్తే మెదడు పొరల వాపు కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రి. మూత్రం ముదురు పసుపుగా వస్తూ కళ్లు పచ్చబడితే కామెర్లు.

ఏ గుర్తూ దొరకలేదా? మూత్రంలో ఇన్ఫెక్షన్ వెతకండి, రెండేళ్లలోపు పిల్లల్లో ఇది తరచూ మరుగున పడిపోతుంది. శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. నీళ్లతో కడిగి తుడిచి, పాలు పట్టి, చల్లటి తడి దూదితో పొత్తికడుపు కింద మెల్లగా రుద్దుతుంటే కొందరు పిల్లలు కొద్ది నిమిషాల్లో పోస్తారు. మొదటి చుక్కలు వదిలేసి, మిగతాది స్టెరైల్ డబ్బాలో పట్టండి, లోపల వేలు తగలనీయొద్దు. అతికించే సంచిలో పట్టింది కల్చర్‌కు పనికిరాదు. చర్మం మీది క్రిములు కలుస్తాయి. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు పంపాలంటే ఐస్ డబ్బాలో పెట్టండి, లేకుంటే ఎండకు క్రిములు పెరిగి లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది.

ఈలోగా ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి, నిమిషానికో చెంచా పట్టండి. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు.