ఒకే ప్లేటు, నాలుగు కాగితాలు: డ్రైపాయింట్‌తో ప్రయోగం ఎలా చేయాలి?

తిరుపతిలో మేడ ఎక్కితే శేషాచలం కొండల అంచు కనిపిస్తుంది. నా మొదటి డ్రైపాయింట్ ప్లేటు మీద గీసింది ఆ అంచునే. డ్రైపాయింట్ అంటే ప్లేటుపై సూదితో బొమ్మ గీసి, గీతల్లో సిరా నింపి కాగితంపై అచ్చు తీసే పద్ధతి. ఆ ఒక్క ప్లేటు నుంచి వేర్వేరు కాగితాలపై అచ్చులు తీస్తే, తెల్లవారుజామున ఒక కొండ, మిట్టమధ్యాహ్నం ఇంకో కొండ చూసినట్టు వచ్చాయి. బొమ్మలో సగం పని కాగితానిదేనని అప్పుడు తెలిసింది.

డ్రైపాయింట్‌కు ఆమ్లాలు అక్కర్లేదు. రాగి రేకైనా సరే, ఆక్రిలిక్ షీటైనా సరే. కొత్తవారికి ఆక్రిలిక్ నయం: చౌక, పైగా కింద బొమ్మ పెట్టుకుని గీయవచ్చు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి బొమ్మను బోర్లా పెట్టండి. ప్లేటు అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరగదీయండి, లేకపోతే తడి కాగితం తెగుతుంది.

ఇక ఉక్కు సూదితో గట్టిగా గీయండి. గీత పక్కన వేలికి తగిలే సన్నని గరుకు అంచు లేస్తుంది. దీన్ని బర్ అంటారు. డ్రైపాయింట్ ప్రాణమంతా ఇందులోనే ఉంది. సిరా ఈ అంచును కూడా పట్టుకుని నిలుస్తుంది కనుక అచ్చులో గీత మఖమల్ నూగులా పరుచుకుంటుంది. కానీ ప్రెస్సులో నలిగిన ప్రతిసారీ బర్ కొంత అరుగుతుంది. ప్రయోగానికి అసలు చిక్కు ఇదే: నాలుగో కాగితంపై గీత పలచబడితే తప్పు కాగితానిదా, అరిగిన బర్‌దా?

అందుకే వరుస ముఖ్యం. మొదట 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూలు కాగితం, తర్వాత చేతి తయారీ ఖాదీ కాగితం, డ్రాయింగ్ కాగితం, పలచని నేపాలీ కాగితం, చివర మళ్లీ అదే నూలు కాగితం. మొదటి అచ్చుకూ చివరి అచ్చుకూ ఉన్న తేడా బర్‌ది. మధ్యలో కనిపించే మిగతా తేడాలు కాగితాలవి.

తడపడంలో ఓపిక చూపండి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కాగితంలో ఆ పని తయారీలో కలిపే జిగురు చేస్తుంది. జిగురు ఎక్కువున్న నూలు కాగితం అరగంట నానాలి. డ్రాయింగ్ కాగితానికి ఐదు నిమిషాలు చాలు. ఖాదీ, నేపాలీ కాగితాలపై నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది, ముంచితే చిరుగుతాయి. పైనీటిని బ్లాటింగ్ పేపరుతో అద్దండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, వెలుతురులో మెరవకూడదు. మే నెలలో మన ఎండకు తడి నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కవరులో ఉంచి, ఫ్యాను ఆపి పని చేయండి.

నూనె సిరాను అట్టముక్కతో గీతల్లోకి నింపి, గంజి పెట్టిన పలచని గుడ్డతో గుండ్రంగా తుడవండి. గట్టిగా రుద్దితే బర్ విరుగుతుంది. ప్లేటుపై కాగితం, ఆపైన ఉన్ని కంబళి వేసి ప్రెస్సులో నడపండి. ప్రెస్సు లేకపోతే నేపాలీ కాగితంతోనే మొదలుపెట్టి, స్టీలు గరిటె వీపుతో రుద్దండి.

నూలు కాగితంపై లోయలు చిక్కటి నలుపులో వచ్చాయి. ఖాదీ పీచు అక్కడక్కడా గీతను తెంచింది. కొండరాళ్ల గరుకుదనానికి నాకు అదే నచ్చింది. డ్రాయింగ్ కాగితంపై గీతలు శుభ్రంగా ఉన్నా నూగు తగ్గింది. కాగితమే కానక్కర్లేదు కూడా: డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653 నాటి ‘మూడు శిలువలు’ డ్రైపాయింట్‌ను పల్చని తోలుపై కూడా అచ్చు తీశాడు. తోలు సిరాను అంతగా పీల్చదు కాబట్టి గీతలు పైపైన పరుచుకుని మెత్తబడ్డాయి.

ప్రతి అచ్చు కింద పెన్సిలుతో వరుస సంఖ్య, కాగితం పేరు, నానిన సమయం రాయండి. తర్వాత బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి పైన బరువుంచండి. కాగితం రెండు మూడు రోజుల్లో ఆరినా, దట్టంగా పడిన నూనె సిరాకు ఇంకొన్ని రోజులు పడుతుంది. అంతవరకు వేలు తగలనివ్వకండి.