పాదంలో గడ్డ కనబడిందా? కోయించేసుకునే ముందు ఇది చదవండి

పాదం మీదో చీలమండ దగ్గరో గడ్డ తేలితే మనవాళ్లు కొందరు చెప్పులు మార్చి ఊరుకుంటారు, ఇంకొందరు దగ్గర్లో ఉన్న సర్జన్ దగ్గరికెళ్లి లోకల్ మత్తు ఇప్పించుకుని స్కాన్ గీన్ ఏం లేకుండా తీయించేసుకుంటారు. రెండోదే ఎక్కువ డేంజర్.

ముందు భయం వద్దు, ఇక్కడ వచ్చేవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. పాదం పైన నున్నగా, కొన్నాళ్లు పెరిగి కొన్నాళ్లు తగ్గుతూ ఉంటే గాంగ్లియాన్ (కీలు, స్నాయువుల దగ్గర వచ్చే నీటిగడ్డ) అయ్యుండొచ్చు, చీకట్లో ఫోన్ టార్చ్ ఆనించి చూస్తే నీటిగడ్డ వెలుగుతుంది (ఇది హింట్ మాత్రమే, దీంతో తేల్చేయకండి). అరికాలి గుంటలో గట్టిగా ఉండలా తగిలితే ప్లాంటార్ ఫైబ్రోమా (అరికాలి పొరలో కట్టే, క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చు. మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, తిమ్మిరి ఉండి బిగుతు షూ వేస్తే ఎక్కువైతే మోర్టన్ న్యూరోమా, పేరు అలా ఉంది గానీ అది నిజంగా ట్యూమర్ కాదు, నరం చుట్టూ మందం కట్టడమే. పొలాల్లో వట్టికాళ్లతో తిరిగేవాళ్లకైతే లోపల విరిగిన ముల్లో, లేదా వాపు మీద రంధ్రాల్లోంచి చీముతో పాటు చిన్న గింజల్లాంటివి వస్తుంటే మదురా ఫుట్ ఇన్ఫెక్షనో కూడా ఆలోచించాలి.

ఇక అసలు సంగతి. ఒంట్లో వేరే చోట 5 సెంటీమీటర్లు దాటితే అనుమానించమంటారు కదా, పాదంలో ఆ లెక్క నమ్ముకోవద్దు, ఇక్కడ చిన్న గడ్డ కూడా సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్) అవ్వొచ్చు. అందులో ఒక రకమైన సైనోవియల్ సార్కోమా అయితే మరీ మోసం, ఎక్కువగా కుర్రవయసు వాళ్లకి వస్తుంది, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ గాంగ్లియాన్‌లాగే నటిస్తుంది. కాబట్టి సైజు కంటే గడ్డ పెరుగుతోందా, లోతుగా ఉందా, రాత్రిళ్లు నొప్పి ఉందా, తీసినచోటే మళ్లీ వచ్చిందా అన్నవి చూడండి.

టెస్టుల్లో ముందు ఎక్స్‌రే, ఎముక ఎలా ఉందో, గడ్డలో కాల్షియం చుక్కలున్నాయో తెలుస్తుంది, కానీ ముల్లు చాలాసార్లు అందులో కనబడదు, దానికి అల్ట్రాసౌండే మేలు. నీరా, కండా అన్నది కూడా అల్ట్రాసౌండే చెప్తుంది. కండ అన్నా, డౌట్ అన్నా కాంట్రాస్ట్‌తో ఎమ్మారై (రక్తనాళంలోకి ఒక మందు ఎక్కించి తీసే స్కాన్) చేయించాలి, ఎందుకంటే కాంట్రాస్ట్ లేకపోతే కొన్ని సార్కోమాలు అచ్చం నీటిగడ్డలాగే కనిపిస్తాయి.

ముక్క పరీక్ష (బయాప్సీ) ఎమ్మారై తర్వాతే, ముందే సూది గుచ్చితే రక్తం చేరి బొమ్మ పాడవుతుంది. ఆఖరి ఆపరేషన్ చేసే క్యాన్సర్ సర్జనే చేయాలి లేదా సూది ఎక్కడ దిగాలో ఆయనే చెప్పాలి, ఎందుకంటే సార్కోమా అని తేలితే ఆ సూది దారిని కూడా గడ్డతో పాటు తీసేయాల్సి రావచ్చు. తెలియక ముందే పీకేస్తే కణాలు చుట్టూ చెదిరి రెండోసారి ఇంకా పెద్ద కోత పడుతుంది, పాదంలో వదులుగా ఉండే చర్మం, కండ ఎంతని.

రెండో ఒపీనియన్‌కి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు, ఎమ్మారై సీడీ, ల్యాబ్ నుంచి ముక్క పరీక్ష స్లైడ్లు (గాజు పలకలు), బ్లాకులు (ముక్కని మైనంలో దాచినవి) కూడా అడిగి తీసుకెళ్లండి.