తాతల నాటి కాగితం ఎక్కడ వెతకాలి?

తిరుపతిలో దస్తావేజులు రాసేవాణ్ణి. పాత రికార్డు కావాలని వచ్చినవాళ్లను ముందు ఏ ఏడాదిదని అడుగుతాను. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. అప్పుడు ఆ రెండు జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉండేవి. కాబట్టి ఆనాటి ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, అంటే పాత రికార్డులు దాచే చోటా, వెతకాలి. అర్జీలో పాత తాలూకా, గ్రామం, సర్వే నంబరు, ఏడాది రాయండి. ఉత్త 'పాత రికార్డు' అని రాస్తే ఎవరు వెతుకుతారు?

కేంద్ర ప్రభుత్వ ఫైళ్ల దారి వేరు. వాటికి పెద్ద దిక్కు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరల్. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం 1892కు ముందటి కాగితాన్ని, అది ఇక ఎందుకూ పనికిరాదని ఆర్కైవ్స్ అధిపతి తేల్చితే తప్ప నాశనం చేయకూడదు. ముందు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ సైట్‌లో వెతకండి, రైలు ఛార్జీ మిగలొచ్చు.

ఇంట్లోని అసలు కాగితానికి మాత్రం లామినేషన్ వద్దు. మళ్లీ ఊడదీయలేం.