ఫిజికల్ సైన్స్ రివిజన్: పుస్తకం మూసి మొదలుపెట్టండి

రామంతాపూర్‌లో మా ఇంటి ముందు గదిలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదింటి దాకా పదో తరగతి పిల్లలు కూర్చుంటారు. సంక్రాంతి సెలవులు అయిపోయి వచ్చాక వాళ్లు అడిగే మొదటి మాట ఏటా ఒకటే. "మేడమ్, ఫిజికల్ సైన్స్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" మొదటి పాఠం నుంచి వరసగా మాత్రం వద్దంటాను. అలా మొదలుపెట్టినవాళ్లకు కాంతి పాఠాలు మూడుసార్లు అవుతాయి, కర్బన సమ్మేళనాలు ఒక్కసారి కూడా అవ్వవు.

మొదటి రోజు పుస్తకం సంచిలోనే ఉండనివ్వండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, పేజీకి ఒక పాఠం పేరు రాయండి. ఆ పాఠంలో గుర్తున్నదంతా పది నిమిషాల్లో నీలం పెన్నుతో పెట్టండి. సూత్రం, యూనిట్, పటం, చేసిన ప్రయోగం, ఏదైనా సరే. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఏ పేజీ ఎక్కువ ఎర్రబడిందో మీ రివిజన్ అక్కణ్నుంచి మొదలవుతుంది.

నిరుడు ఒక అమ్మాయి ఈ పని చేస్తూ ఏడ్చేసింది. నోట్సు నాలుగుసార్లు చదివింది, అయినా పరావర్తనం పేజీలో ఆరు లైన్లే వచ్చాయి. "చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది మేడమ్, రాయబోతే ఏదీ రావట్లేదు" అంది. పిల్లల టెన్షన్‌లో సగం ఇదే. నాలుగుసార్లు చూసిన వాక్యం కళ్లకు అలవాటైపోతుంది, ఆ అలవాటునే వచ్చేసిందనుకుంటాం. అందుకే ఆ అమ్మాయిని నోట్సు పక్కన పెట్టమని, వంటింట్లోంచి స్టీలు గరిటె తెచ్చి చేతికిచ్చాను.

గరిటె లోపలి వైపు పుటాకార దర్పణం. అందులో చూసుకుంటే ముఖం తలకిందులుగా, చిన్నగా కనిపిస్తుంది. ఇప్పుడు చూపుడు వేలిని గరిటె అడుగుకు దాదాపు తగిలేంత దగ్గరికి తీసుకెళ్లండి. వేలు నిటారుగా, అసలుకన్నా లావుగా కనిపిస్తుంది. మెల్లగా వెనక్కి లాగుతుంటే ఒక చోట ప్రతిబింబం చెదిరిపోయి, ఆ తర్వాత తలకిందులవుతుంది. ఆ చెదిరిన చోటు దగ్గరే నాభి. గరిటె తిప్పి వెనక వైపు చూడండి, అది కుంభాకారం. వేలు ఎంత దగ్గరగా పెట్టినా, ఎంత దూరం జరిపినా నిటారుగా, చిన్నగానే ఉంటుంది. ఆటో పక్కనుండే అద్దం కుంభాకారంగా ఎందుకు పెడతారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. అంత చిన్న అద్దంలో వెనకున్న రోడ్డంతా పడుతుంది. ఆ అమ్మాయి గరిటె పట్టుకుని పావుగంట కూర్చుంది. తర్వాత పుటాకార దర్పణం కిరణ చిత్రాలు ఆరూ తనే గీసింది, పుస్తకం అడగలేదు.

కిరణ చిత్రం గీసేటప్పుడు రెండు కిరణాలు చాలు. ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చినది నాభి గుండా పోతుంది. వక్రతా కేంద్రం (దర్పణం ఏ గోళంలో ముక్కో దాని కేంద్రం) గుండా వచ్చినది వచ్చిన దారినే తిరిగిపోతుంది. స్కేలు, చెక్కిన పెన్సిల్ వాడండి, ప్రతి కిరణానికీ బాణం గుర్తు పెట్టండి.

లెక్కకు చిత్రం తోడుండాలి. నాభ్యంతరం 10 సెంటీమీటర్లున్న పుటాకార దర్పణం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువు ఉందనుకోండి. ముందు గుర్తులు రాసుకోవాలి: నాభ్యంతరం ఎఫ్ మైనస్ 10, వస్తువు దూరం యు మైనస్ 30, ప్రతిబింబం దూరం వి కనుక్కోవాలి. దర్పణ సూత్రం 1/ఎఫ్ = 1/యు + 1/వి. అంటే 1/వి = −1/10 + 1/30 = −2/30, వి మైనస్ 15. ఆవర్ధనం (ప్రతిబింబం వస్తువుకు ఎన్ని రెట్లో) −వి/యు, అంటే మైనస్ సగం. ఇప్పుడు చిత్రం వైపు చూడండి. వస్తువు వక్రతా కేంద్రానికి అవతల ఉంది, కాబట్టి ప్రతిబింబం నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య, అంటే 10కీ దాని రెట్టింపు 20కీ మధ్య రావాలి. 15 వచ్చింది. తలకిందులుగా, చిన్నగా రావాలి. మైనస్ సగం వచ్చింది. చిత్రం, లెక్క కలవలేదంటే ఎక్కడో గుర్తు జారిందని పరీక్ష హాల్లోనే పట్టుకోవచ్చు. పదో తరగతిలో నేను ఒక్క మైనస్ వదిలేసి లెక్క మొత్తం పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ కాగితం కళ్ల ముందే ఉంటుంది, అందుకే పిల్లల్ని గుర్తుల దగ్గర అంతలా విసిగిస్తాను. ఇంకో మాట, కటకాల (లెన్సుల) దగ్గరికొచ్చేసరికి సూత్రం 1/వి − 1/యు అవుతుంది. దర్పణానికి ప్లస్, కటకానికి మైనస్. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే రాసి గోడకు అంటించుకోండి.

విద్యుత్తు పాఠానికి ఇంట్లో కరెంటు బిల్లు తీసి ముందు పెట్టుకోండి. బిల్లు మీద యూనిట్ అంటే కిలోవాట్ గంట, 36 లక్షల జౌళ్లు. 2000 వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతుంది. 75 వాట్ల ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్. ఇలా మీ ఇంటి లెక్క మీరే వేస్తే సామర్థ్యానికీ శక్తికీ తేడా మళ్లీ మర్చిపోరు. శ్రేణి, సమాంతర సంధానాలకు వినాయక చవితి మండపం గుర్తు చేసుకోండి. పాతకాలపు సీరియల్ బల్బుల దండలో ఒక్కటి మాడితే ఆ వరసంతా ఆరిపోయేది. శ్రేణి అన్నది దాని పేరులోనే ఉంది. ఇంట్లో మాత్రం ఫ్యాను ఆపినా లైటు వెలుగుతూనే ఉంటుంది, అది సమాంతరం. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు శ్రేణిలో 9, సమాంతరంలో 2. సమాంతరంలో వచ్చే జవాబు అన్నింటికన్నా చిన్న నిరోధం కంటే కూడా తక్కువ ఉండాలి. అంతకన్నా ఎక్కువొస్తే లెక్కలో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

విద్యుదయస్కాంతత్వంలో తికమకంతా మోటారుకూ జనరేటరుకూ మధ్యే. పటాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కరెంటు ఇస్తే తిరిగేది మోటారు, తిప్పితే కరెంటు ఇచ్చేది జనరేటరు. 1820లో ఆయిర్‌స్టెడ్ తీగలో కరెంటు పంపి దిక్సూచి ముల్లు కదలడం చూశాడు, 1831లో ఫారడే మారే అయస్కాంత క్షేత్రం నుంచి కరెంటు రాబట్టాడు. ఈ వరసలో గుర్తుపెట్టుకుంటే పాఠం ఒక కథలా నడుస్తుంది.

రసాయన శాస్త్రంలో ఆమ్లాలు, క్షారాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. పెళ్లిలో పారాణి ఎలా కలుపుతారో అమ్మమ్మను అడగండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. హారతికి కలిపే ఎర్రనీళ్లూ అంతే. పసుపు ఒక సూచిక, అంటే రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పేది. సున్నం క్షారం. పాన్ డబ్బా దగ్గర చిటికెడు సున్నం తెచ్చి చేసి చూడండి, ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపుపచ్చగా మారతాయి. తటస్థీకరణం కళ్ల ముందే జరుగుతుంది. సున్నం ముట్టుకున్న చేతులు కళ్లకు తగలనివ్వకుండా కడుక్కోండి. తెల్ల యూనిఫాం మీద పడ్డ సాంబారు మరక సబ్బు తగలగానే ఎందుకు ఎర్రబడుతుందో ఇక మీరే రాయగలరు.

సమీకరణాల తుల్యం దగ్గర ఒక్క నియమం: అణువు లోపలి చిన్న అంకెలు ముట్టుకోకూడదు, ముందుండే అంకెలే మార్చాలి. పెద్ద అణువుతో మొదలుపెట్టండి. ఇనుము మీదికి నీటి ఆవిరి పంపితే వచ్చే ఆక్సైడులో ఇనుము మూడు, ఆక్సిజన్ నాలుగు. కాబట్టి ఎడమ వైపు మూడు ఇనుములు, నాలుగు నీటి అణువులు. వాటిలో హైడ్రోజన్ ఎనిమిది, అంటే కుడివైపు నాలుగు హైడ్రోజన్ అణువులు. రోజుకు ఐదు సమీకరణాలు చాలు, కానీ ఒక్క రోజు కూడా మానకండి.

పరమాణు నిర్మాణంలో పొటాషియం దగ్గర ఆగండి. 19వ ఎలక్ట్రాన్ 3డిలోకి పోకుండా 4ఎస్‌లోకి ఎందుకు పోతుంది? ఎన్, ఎల్ అనే క్వాంటం సంఖ్యల విలువలు కలిపితే 4ఎస్‌కు 4, 3డికి 5. తక్కువున్నది ముందు నిండుతుంది. క్రోమియం, రాగి ఈ వరస తప్పుతాయి, ఆ రెండూ విడిగా రాసుకోండి. ఆవర్తన పట్టికలో 1869లో మెండలీవ్ వదిలిన ఖాళీలు తప్పకుండా చదవండి. ఆయన ముందే చెప్పిన మూలకం ఒకటి 1875లో గాలియంగా దొరికింది.

లోహ సంగ్రహణం ఒక్క సాయంత్రంలో అవుతుంది. సల్ఫైడు ధాతువును గాలిలో వేడి చేస్తే భర్జనం, కార్బొనేటును గాలి లేకుండా వేడి చేస్తే భస్మీకరణం. ఈ తేడా వచ్చాక మిగతాది పట్టిక వేసుకుంటే చాలు. కర్బన సమ్మేళనాలకు మాత్రం మూడు రోజులు పెట్టుకోండి. పేర్లు పెట్టడం చేతికి రావాలి, అది చదివితే రాదు.

చివరి వారం కొత్తవి ముట్టుకోవద్దు. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో ప్రశ్నపత్రాలు దొరికితే రెండు తెచ్చుకుని గడియారం పెట్టుకుని రాయండి. మిగిలిన సమయమంతా ఆ ఎర్ర పెన్ను పేజీలకే.

పరీక్ష ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి మా పిల్లలు ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. నేనడిగిన ఒక పటాన్ని పుస్తకం చూడకుండా మాటల్లో చెప్పాలి. వాళ్లు చెప్పినట్టే నేను ఇక్కడ కాగితం మీద గీస్తాను. కిరణం తప్పు దారి పడితే "ఆగు, ఇది ఎటు పోతోంది?" అంటాను. రెండు క్షణాలు నిశ్శబ్దం. "మేడమ్, నాభి గుండా" అని అటువైపు నుంచి వినిపించగానే, ఇక పడుకోమని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.